డ్రాయింగ్ మాస్టారి నెమరు పుస్తకం: కళల ఉపాధ్యాయులు పునరాలోచనకు, కలిసి పనిచేయడానికి సమయం కుదుర్చుకునే విధానం

ఉన్నత పాఠశాలలో గణితం చెప్పేవారు సాధారణంగా ఇద్దరో ముగ్గురో ఉంటారు. ఒక అధ్యాయం పిల్లలకు ఎక్కలేదనిపిస్తే స్టాఫ్ రూమ్‌లో పక్క కుర్చీలో కూర్చున్నవారిని అడిగి, మరో దారి వెతుక్కోవచ్చు. డ్రాయింగ్ మాస్టారికి, సంగీతం టీచరుకు, నాట్యం నేర్పేవారికి ఆ పక్క కుర్చీ ఉండదు. పాఠశాల మొత్తానికి ఆ పని చేసేది తామొక్కరే. కొన్నిచోట్ల రెండు మూడు పాఠశాలలకు కలిపి ఒక్కరే. పాఠం బాగా వచ్చిందో లేదో చెప్పేవారు ఉండరు, తాము స్వయంగా ఆలోచించుకుందామంటే తీరిక దొరకదు.

ఈ మార్గదర్శి వారి కోసం రాసినది. చాలా ఏళ్ళు జిల్లా పరిషత్ పాఠశాలల్లో రంగులూ బ్రష్షులూ మోసిన తరువాత నాకు అర్థమైన విషయం ఒకటుంది. మన పీరియడ్లను ఇతరులు తేలికగా తీసుకోగలుగుతున్నారంటే, మన పనిలోని ఆలోచన ఎక్కడా కాగితం మీద కనబడకపోవడం అందుకు పెద్ద కారణం. గోడ మీద బొమ్మ కనబడుతుంది, వేదిక మీద నృత్యం కనబడుతుంది. వాటి వెనుక ఉపాధ్యాయుడు చేసిన తర్జనభర్జన కనబడదు. కనబడని పనికి ఎవరూ టైంటేబుల్‌లో గడి కేటాయించరు. అందువల్ల కింద చెప్పే ప్రతి పనిలోనూ రాత అనేది ఒకటి ఉంటుంది. ఆ రాత పాఠాన్ని మెరుగుపరుస్తుంది, పీరియడ్‌ను కూడా కాపాడుతుంది.

మొదటి పని: రెండు వారాల లెక్క

సమయం లేదని అనుకోవడం వేరు, ఎంత లేదో తెలియడం వేరు. ఒక చిన్న నోట్‌బుక్‌లో నాలుగు గడులు గీయండి: సొంత తరగతులు, అడ్జస్ట్‌మెంట్ పీరియడ్లు (సెలవు పెట్టినవారి బదులు కూర్చునేవి), అలంకరణ – అక్షరాల పనులు, మిగిలిన లీజర్ (తరగతి లేని పీరియడ్లు). 12 పనిదినాలపాటు, ప్రతి పీరియడ్ ముగియగానే సంబంధిత గడిలో ఒక గీత పెట్టండి. సాయంత్రం గుర్తు చేసుకుని రాద్దామనుకుంటే లెక్క తప్పుతుంది; విసుగు పుట్టించిన పీరియడ్లు రెండింతలుగా గుర్తుంటాయి.

ఉదాహరణకు రోజుకు 8 పీరియడ్ల చొప్పున వారానికి 48 పీరియడ్లు నడిచే పాఠశాలలో మీకు 26 సొంత తరగతులు ఉన్నాయనుకుందాం. కాగితం మీద 22 లీజర్లు మిగలాలి. సెలవు పెట్టినవారి తరగతుల్లో కూర్చోవడానికి 9, నోటీసు బోర్డులకూ సర్టిఫికెట్లకూ 6 పోయాయంటే చేతిలో ఉండేవి 7. అవి కూడా ఒకచోట కాక, రోజుకొకటి చొప్పున తునకలుగా ఉంటాయి. ఈ తునకల సంగతి తెలిశాకే తరువాతి మెట్లకు అర్థం ఉంటుంది.

ఇక్కడ చట్టం ఏమంటుందో గుర్తుంచుకోవడం మంచిది. 2009 నాటి విద్యాహక్కు చట్టం తన అనుబంధంలో ఉపాధ్యాయుని కనీస పని వారానికి 45 గంటలని చెప్పి, పాఠానికి సిద్ధపడే సమయం కూడా అందులో భాగమేనని స్పష్టంగా రాసింది. అంటే లీజర్‌లో కూర్చుని రేపటి పాఠం గురించి ఆలోచించే ఉపాధ్యాయుడు ఖాళీగా లేడు, పనిలోనే ఉన్నాడు. ప్రధానోపాధ్యాయులతో మాట్లాడేటప్పుడు ఈ వాక్యాన్ని వాదనగా కాక సమాచారంగా చెప్పండి. ఫలితం మెరుగ్గా ఉంటుంది.

రెండో పని: జూన్‌లోనే టైంటేబుల్ దగ్గర కూర్చోవడం

టైంటేబుల్ ఒకసారి అచ్చయి స్టాఫ్ రూమ్ గోడకు ఎక్కిన తరువాత దాన్ని మార్చమని అడిగితే అందరికీ ఇబ్బంది. బడులు తెరిచే జూన్ రెండో వారంలో, టైంటేబుల్ ఇన్‌ఛార్జి ఇంకా పెన్సిలుతో గీస్తున్నప్పుడే వెళ్ళి, రెండు కోరికలు మాత్రమే కోరండి.

మొదటిది జంట పీరియడ్. దీని వెనుక లెక్క ఇది. 45 నిమిషాల పీరియడ్‌లో సామగ్రి పంచడానికి 7 నిమిషాలు, కడిగి సర్దడానికి 8 నిమిషాలు పోతే బొమ్మ వేయడానికి మిగిలేది 30. విడివిడిగా 4 పీరియడ్లు ఉంటే పని జరిగేది 120 నిమిషాలు. అవే 4 పీరియడ్లను రెండు జంటలుగా కలిపితే ఒక్కొక్క జంటలో 75 నిమిషాల చొప్పున 150 నిమిషాలు పని జరుగుతుంది. ఎవరి పీరియడూ తగ్గకుండా అరగంట మిగిలింది. ఈ అరగంటలో సగం పిల్లలకు ఇచ్చి, మిగతా సగంలో వారు తమ పనిని తాము చూసుకుని మాట్లాడుకునే వీలు కల్పించవచ్చు. వారానికి ఒక్క పీరియడే ఉన్న తరగతులకు, పక్షానికి ఒకసారి జంట పీరియడ్ వచ్చేటట్టు మరో సహపాఠ్య విషయంతో మార్చుకోవడం సాధ్యమే. పీఈటీ గారు సాధారణంగా సంతోషంగా ఒప్పుకుంటారు, వారికీ మైదానానికి వెళ్ళి రావడంలో ఇదే నష్టం కనుక.

రెండో కోరిక ఒక స్థిరమైన లీజర్. వారంలో ఒకటే చాలు, కానీ ఆ గడిలో మీ పేరుతో 'ప్రణాళిక' అని రాసి ఉండాలి. ఖాళీగా ఉన్న గడి అడ్జస్ట్‌మెంట్ రిజిస్టరు రాసేవారి కంటికి ఇట్టే పడుతుంది. అక్షరాలున్న గడిని తీసుకునే ముందు మనిషి కాస్త ఆగుతాడు. సోమవారం మొదటి పీరియడ్, శనివారం చివరి పీరియడ్ తీసుకోకండి, సెలవులు ఎక్కువగా పడేవి అక్కడే. మీ జంట పీరియడ్ అయిన మరుసటి పీరియడ్ అన్నిటికన్నా మంచిది. రంగుల తడి ఆరకముందే ఆలోచన కాగితం మీదకు వస్తుంది.

పరీక్షల ముందు డ్రాయింగ్ పీరియడ్‌ను గణితానికో భౌతికశాస్త్రానికో అడగడం మన బడుల్లో ఆనవాయితీ. ఇవ్వనని మొండికేస్తే స్నేహం చెడుతుంది, ఇచ్చేస్తూ పోతే ఫిబ్రవరి నాటికి కళ అనే విషయమే మిగలదు. దీనికి నేను పాటించే పద్ధతి బదులు పుస్తకం. ఏ తారీఖున ఏ తరగతి పీరియడ్ ఎవరికి ఇచ్చానో, దానికి బదులుగా ఏ రోజు తిరిగి తీసుకుంటానో ఒక గీతల నోట్‌బుక్‌లో రాసి ఇద్దరమూ సంతకం చేస్తాం. మొదట్లో నవ్వుతారు. నాలుగో సంతకం దగ్గరకు వచ్చేసరికి అడగడమే తగ్గుతుంది.

మూడో పని: తరగతి చివరి 8 నిమిషాలు

అసలు సమయం దాగి ఉండేది ఇక్కడ. కడగడం, తుడవడం, కాగితాలు సేకరించడం అనే పనులను తరగతిలోని బృందాలకు వంతులవారీగా అప్పగించండి: ఒక బృందం బ్రష్షులకు, ఒకటి నీళ్ళకు, ఒకటి బొమ్మలు ఆరబెట్టడానికి, ఒకటి బల్లలకు. రెండు మూడు వారాల అలవాటుతో ఇది మీ ప్రమేయం లేకుండా నడుస్తుంది. ఆ 8 నిమిషాల్లో తలుపు దగ్గర నిలబడి, పిల్లల మీద ఒక కన్ను ఉంచుతూనే నెమరు పుస్తకంలో, అంటే జరిగిన పాఠాన్ని మళ్ళీ తలచుకుని రాసుకునే నోట్‌బుక్‌లో, మూడు వాక్యాలు రాయండి. అనుకోనిది ఏం జరిగింది? అది ఎందుకు జరిగి ఉంటుంది? వచ్చేసారి ఏ ఒక్క మార్పు చేస్తాను?

పాఠం 'బాగా జరిగింది', 'పిల్లలు ఆనందించారు' అన్న రాతలు టీచింగ్ డైరీకి పనికివస్తాయేమో కానీ మీకు పనికిరావు. ఒక ఉదాహరణ చూద్దాం. ఏడో తరగతికి చేర్యాల నకాషీ పటం శైలిలో ఒక ఊరి కథను బొమ్మలుగా చెప్పమని ఇచ్చారనుకోండి. పటంలో కథ పైనుంచి కిందికి అడ్డపట్టీలుగా సాగుతుంది, ప్రతి ఘట్టానికీ మధ్య అంచు ఉంటుంది, నేపథ్యం సాధారణంగా ఎర్రగా ఉంటుంది. తరగతిలో చాలామంది కథనంతా ఒకే దృశ్యంగా వేశారు. అప్పుడు పుస్తకంలోకి ఎక్కవలసింది ఇది: 'పట్టీలు వేయలేదు. పూర్తయిన పటం మొత్తాన్ని మొదటే చూపించాను. వాళ్ళకు రంగులే కనబడ్డాయి, విభజన కనబడలేదు. వచ్చేసారి పటాన్ని చుట్టి పట్టుకుని, కథ చెబుతూ ఒక్కొక్క పట్టీనే విప్పుతాను.' ఇందులోని చివరి వాక్యం గమనించండి. పటం కథకులు వాడే పద్ధతీ అదే: కథ ముందుకు పోయినకొద్దీ పటం విప్పుకుంటుంది. మనం తరగతిలో తడబడినచోట ఆ కళను తరతరాలుగా చేస్తున్నవారి దగ్గర తరచుగా సమాధానం ఉంటుంది, అయితే తడబాటును రాసుకుంటేనే ఆ సమాధానం గుర్తుకొస్తుంది.

సంగీతం, నాట్యం నేర్పేవారికి రాత కన్నా రికార్డింగ్ అనుకూలంగా ఉంటుంది. ఒకే పల్లవిని పిల్లలు మొదటి రోజు, పదో రోజు పాడినప్పుడు ఒక్కొక్క నిమిషం ఫోనులో పట్టి, రెండూ పక్కపక్కన వినండి. నాట్యంలో జతి జరిగేటప్పుడు ఫోనును వెనుక వరుస వైపు పెట్టండి. ముందు వరుసలో నిలబెట్టిన నలుగురినే చూస్తూ తరగతి అంతా వచ్చేసిందనుకునే పొరపాటు మనందరిదీ. ఈ రికార్డింగులు మీ కోసం మాత్రమే. పిల్లల ముఖాలున్నవి స్టేటస్‌లకూ గ్రూపులకూ వెళ్ళకూడదు.

నాలుగో పని: వారానికొకసారి కూర్చోవడం

జూన్‌లో సంపాదించిన 'ప్రణాళిక' పీరియడ్‌కు ఇప్పుడు పని వచ్చింది. అందులో బొమ్మలన్నీ దిద్దడం మొదలుపెడితే ఆ ప్రయత్నం రెండో వారానికే ఆగిపోతుంది. 5 తరగతులు, తరగతికి 40 మంది అంటే 200 బొమ్మలు. నిమిషానికొకటి చూసినా 3 గంటలు దాటుతుంది. అందుకు బదులు ప్రతి తరగతి నుంచి హాజరు పట్టిక వరుసలో 8 మందివి మాత్రమే తీయండి. వచ్చే వారం తరువాతి 8 మంది. 5 వారాల్లో ప్రతి పిల్లవాడి పనినీ మీరు తీరికగా చూసినట్టవుతుంది. వరుస పాటించడం అవసరం, లేకపోతే చెయ్యి దానంతటది బాగా వేసేవారి బొమ్మల వైపే పోతుంది.

ఆ 40 బొమ్మలను నేల మీద పరిచి, మార్కుల ఆలోచన లేకుండా మొదటి పది నిమిషాలు ఊరికే చూడండి. తరువాత వారం మొత్తం రాసుకున్న మూడు వాక్యాల గుంపును చదవండి. ఒకే మాట మూడుసార్లు తిరిగి వచ్చిందంటే పాఠంలో కాదు, పద్ధతిలో ఏదో ఉంది. నా పుస్తకంలో ఒక ఏడాది 'కాగితం చిన్నదైంది' అనే మాట పదేపదే కనిపించింది. ఆలోచిస్తే, ఖర్చుకు భయపడి అన్ని పనులకూ రికార్డు పుస్తకం కొలత కాగితమే ఇస్తున్నానని తేలింది. పాత దినపత్రికలను గంజితో అతికించి పెద్దవి చేసి ఇచ్చిన రోజు, భుజం కదిపి గీయడమంటే ఏమిటో పిల్లలకు మొదటిసారి తెలిసింది.

చివరి పది నిమిషాలు మూల్యాంకనానికి. కళలూ సాంస్కృతిక విద్యకు గ్రేడు ఇవ్వవలసి ఉంటుంది కనుక, ఈ వారం చూసినవారి గురించి ఒక్కొక్క పంక్తి అక్కడే రాసేస్తే పరీక్షల చివర రాత్రిళ్ళు కూర్చుని గ్రేడులు ఊహించవలసిన అవసరం తప్పుతుంది.

ఐదో పని: ఒక సహోద్యోగి, ఒక పాఠం

కలిసి పనిచేయడమంటే పెద్ద ప్రాజెక్టు అనుకుని చాలామంది వెనక్కి తగ్గుతారు. ఏడాదికి ఒక సహోద్యోగితో ఒక పాఠం చాలు. అయితే ఆ పాఠంలో కళ అనేది చార్టు గీసిపెట్టే పనిమనిషి కాకూడదు. కళతో సమ్మిళిత బోధన అనే పేరుతో జరుగుతున్నదాంట్లో ఎక్కువ భాగం, సాంఘికశాస్త్రం పాఠానికి చార్టు మీద రంగుల అంచు వేయడమే. దానివల్ల రెండు విషయాలకూ మేలు లేదు. సీబీఎస్‌ఈ పాఠశాలల్లో 1 నుంచి 10 తరగతులకు కళాసమ్మిళిత ప్రాజెక్టు 2020–21 నుంచి తప్పనిసరి అయింది. రాష్ట్రాలను రెండేసి జతపరిచే కేంద్ర కార్యక్రమం ఏక్ భారత్ శ్రేష్ఠ్ భారత్‌లో ఆంధ్రప్రదేశ్‌కు పంజాబ్, తెలంగాణకు హర్యానా వచ్చాయి కనుక ఆ ప్రాజెక్టులలో ఫుల్‌కారీ అనే పంజాబీ కుట్టుపని చార్టులు విరివిగా కనబడతాయి. దారం పట్టని ఫుల్‌కారీ చార్టును ఏమనాలో నాకు తెలియదు.

మంచి జోడీ ఎలా ఉంటుందో కలంకారీ ద్వారా కాస్త వివరంగా చెబుతాను, ఇది రసాయనశాస్త్రం చెప్పేవారితో చేయదగినది. శ్రీకాళహస్తిలో కలంతోనూ, పెడనలో చెక్క అచ్చులతోనూ చేసే ఈ పనిలో గుడ్డను ముందుగా కరక్కాయ పొడి, పాలు కలిపిన నీటిలో తడిపి ఆరబెడతారు. కరక్కాయలో టానిన్ ఉంటుంది, ఇనుముతో కలిసి నల్లబడేది అదే. పాలలోని కొవ్వు రంగు గుడ్డ మీద పాకకుండా ఆపుతుంది. నలుపు కోసం తుప్పు పట్టిన ఇనుప ముక్కలను బెల్లం నీళ్ళలో వారాల తరబడి పులియబెడతారు. ఆ ద్రావణం చూడడానికి నల్లగా ఉండదు. కరక్కాయ పట్టించిన గుడ్డను తాకిన క్షణం నుంచి నల్లబడుతుంది. ఎరుపు కావలసినచోట పటిక పూసి, తరువాత వేర్ల రంగులో ఉడికిస్తారు. పటిక ఉన్నచోటే ఎరుపు నిలబడుతుంది. ఆమ్లాలు, లోహ లవణాలు, వర్ణస్థాపకాలు (రంగును గుడ్డకు పట్టించేవి) అన్న మాటలు పాఠ్యపుస్తకంలో ఒక పేరాగా ఉంటాయి. ఇక్కడ పిల్లవాడి చేతి గీత కళ్ళముందే నల్లబడుతుంది.

ఈ పాఠానికి ఇద్దరు ఉపాధ్యాయులు 20 నిమిషాలు కూర్చుంటే చాలు, మధ్యాహ్న భోజనం పర్యవేక్షణ వంతు ఇద్దరికీ ఒకే రోజు పడేటట్టు చూసుకుంటే అదీ కుదురుతుంది. ఆ 20 నిమిషాల్లో మూడు విషయాలు రాసుకోవాలి. ఇందులో సైన్సు టీచరు ఏం నేర్పుతారు, కళ టీచరు ఏం నేర్పుతారు, ఎవరు దేనికి మార్కు వేస్తారు. రెండో ప్రశ్నకు 'గుడ్డ మీద బొమ్మ' అని సమాధానం వచ్చిందంటే ఇంకా ఆలోచించాలి. కలం నుంచి రంగు ఆగకుండా దిగుతుంటే గీత మందాన్ని వేళ్ళ ఒత్తిడితో అదుపు చేయడం, చెరపడానికి వీల్లేని గీతకు ముందుగానే మనసులో రూపం ఇచ్చుకోవడం – అవి కళ నేర్పే విషయాలు. ఇనుప నీళ్ళు ఊరడానికి రెండు మూడు వారాలు పడుతుంది కనుక తేదీని మీరిద్దరూ కాదు, ఆ కుండ నిర్ణయిస్తుంది. ఇది నిజంగా మంచిదే, వాయిదా వేసే వీలుండదు. ఇనుప నీళ్ళ కుండను పిల్లలకు అందకుండా, పేరు రాసి మూతపెట్టి ఉంచాలి. కలిపేటప్పుడు పెద్దవారు పక్కనే ఉండాలి.

తెలుగు చెప్పేవారితో బుర్రకథ, గణితం చెప్పేవారితో చుక్కల ముగ్గు, సాంఘికశాస్త్రం చెప్పేవారితో మచిలీపట్నం రేవు నుంచి డచ్చి, ఇంగ్లీషు కంపెనీలు ఓడల్లో తీసుకుపోయిన అద్దకపు గుడ్డల చరిత్ర. ఇవన్నీ ఇదే కొలతకు సరిపోతాయి. కళాకారులు దగ్గరలో ఉంటే పిలవండి. నిమ్మలకుంటలో తోలుబొమ్మల కుటుంబాలున్నాయి, కొండపల్లిలో పొణికి కర్రతో, ఏటికొప్పాకలో అంకుడు కర్రతో పనిచేసేవారున్నారు. వారిని పిలిచినప్పుడు దారిఖర్చులూ, ఆ రోజు కూలికి తగ్గని పారితోషికమూ ముందే మాట్లాడుకోండి. శాలువా కప్పి పంపడం దానికి బదులు కాదు.

ఆరో పని: బడికి బయట నలుగురు

ఒక్కరే కళల ఉపాధ్యాయుడు ఉన్న బడిలో తోటివారంటే పక్క బడులవారే. మండలంలోనో డివిజన్‌లోనో నలుగురైదుగురిని ఎంచుకోండి. పదిమంది దాటితే అది సంఘం అవుతుంది, కబుర్లు ఎక్కువవుతాయి. కాంప్లెక్స్ సమావేశాలు, అంటే చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయుల సమావేశాలు, జరిగే రోజుల్లో భాష, గణితం వారికి విడిగా కూర్చునే ఏర్పాటు ఉంటుంది. డ్రాయింగ్, సంగీతం, క్రాఫ్టు ఉపాధ్యాయులు ఎవరో ఒకరి గుంపులో చివర కూర్చుంటారు. కాంప్లెక్స్ ప్రధానోపాధ్యాయులకు నలుగురి సంతకాలతో ముందుగా ఒక ఉత్తరం రాసి, ఒక గంట కళల ఉపాధ్యాయులకు విడిగా ఇవ్వమని అడగండి. ఉత్తరంతోపాటు ఆ గంటలో ఏం చేస్తారో ఒక పేజీ జత చేస్తే అనుమతి వచ్చే అవకాశం బాగా పెరుగుతుంది.

ఆ గంటలో ఒకరి తరగతి పనిని మాత్రమే చూడండి. దీనికి అమెరికా నృత్యకారిణి లిజ్ లెర్మన్ రూపొందించిన నాలుగు మెట్ల విమర్శా పద్ధతి మన స్వభావానికి బాగా పనికివస్తుందని నా అభిప్రాయం, ఎందుకంటే మనం మొహమాటంతో అన్నీ బాగున్నాయంటాం, లేదా మొదటి మాటలోనే తప్పు పట్టేస్తాం. ముందుగా చూసినవారు తమకు అర్థవంతంగా అనిపించినవి చెబుతారు. తరువాత ఆ పని తెచ్చిన ఉపాధ్యాయుడు తన ప్రశ్నలు అడుగుతాడు. మూడోదశలో మిగిలినవారు అభిప్రాయం దాచిన ప్రశ్నలు కాక, నిజంగా తెలుసుకోవడానికి ప్రశ్నలు వేస్తారు. 'ఆ నేపథ్యం అంత ముదురుగా ఎందుకు?' అన్నది ప్రశ్న కాదు, తీర్పు. 'నేపథ్యం రంగు ఎవరు ఎంచుకున్నారు?' అన్నది ప్రశ్న. చివరిదశలో అనుమతి అడిగి అభిప్రాయం చెబుతారు; 'వద్దు' అనే హక్కు పని తెచ్చిన ఉపాధ్యాయుడికి ఉంటుంది. కలిపి 25 నిమిషాలు పడుతుంది. మిగతా సమయంలో మరుసటి నెల పాఠాన్ని ఒకటి కలిసి తయారు చేసి, అదే పాఠాన్ని నలుగురూ తమ తమ బడుల్లో చెప్పి, ఏం జరిగిందో తిరిగి వచ్చి చెప్పుకోవాలి. జపాన్ ఉపాధ్యాయులు పాఠ్య అధ్యయనం పేరుతో చేసే పనికి ఇది చిన్న రూపం.

సమావేశాల మధ్య వాట్సాప్ గ్రూపు ఉంటుంది. దానికి ఒక్క నియమం పెట్టండి: ఆదివారం సాయంత్రం ఒక్కొక్కరు ఒక ఫోటో, దాని కింద ఒక ప్రశ్న. శుభోదయాలూ జీవోలూ వేరే గ్రూపుల్లో దొరుకుతాయి.

2020 జాతీయ విద్యావిధానం ప్రతి ఉపాధ్యాయుడూ ఏడాదికి కనీసం 50 గంటల నిరంతర వృత్తిపర అభివృద్ధిలో పాల్గొనాలని ఆశిస్తుంది, అదీ వారి ఆసక్తిని బట్టి. మీ నలుగురి గంటలను తేదీ, అంశం, హాజరు సంతకాలతో నమోదు చేసి ఉంచండి. లెక్కలోకి తీసుకుంటారా లేదా అన్నది అధికారుల నిర్ణయమే అయినా, రాసి లేనిదాన్ని ఎవరూ లెక్కించలేరు. సాంస్కృతిక వనరుల శిక్షణ కేంద్రానికి, అంటే సీసీఆర్‌టీకి, హైదరాబాదులో ప్రాంతీయ కేంద్రం ఉంది. అక్కడి శిక్షణకు వెళ్ళే అవకాశం వస్తే పాఠాల కన్నా ఎక్కువగా, ఇతర రాష్ట్రాల నుంచి వచ్చిన తోటి ఉపాధ్యాయుల ఫోను నంబర్లు రాసుకుని రండి.

ఏడో పని: పండుగ వారాలు, అందమైన చేతిరాత అనే శిక్ష

ఆగస్టు 15, కళా ఉత్సవ్ (బడి పిల్లల జాతీయ కళల పోటీ) ఎంపికలు, జనవరి 26, వార్షికోత్సవం. ఈ వారాల్లో నెమరు పుస్తకం తెరవలేకపోతే బాధపడకండి; వాటిని క్యాలెండర్‌లో ముందే గుర్తుపెట్టి, పునరాలోచనకు సెలవు ఇచ్చేయండి. కానీ ప్రదర్శన ముగిసిన రెండు రోజుల్లోపు పిల్లలతోనూ, సహాయం చేసిన టీచర్లతోనూ ఒక పావుగంట కూర్చోవడం మానకండి. ఎవరికి అవకాశం రాలేదు, ఏ రిహార్సల్ వృథా అయింది, ఏ దుస్తులు అద్దెకు తేనవసరం లేకపోయింది అన్న మూడు సంగతులు వచ్చే ఏడాదికి ఎన్నో సాయంత్రాలను మిగులుస్తాయి.

ఇక చేతిరాత. డ్రాయింగ్ మాస్టారి అక్షరాలు బాగుంటాయి కనుక బ్యానర్లు, ప్రశంసాపత్రాలు, ఎవరో వస్తున్నారంటే స్వాగత ఫలకాలు, చివరికి హాజరు పట్టికల అట్టల మీద పేర్లు కూడా ఆయనకే వస్తాయి. ఒక వార్షికోత్సవానికి ముందు 200 పైచిలుకు ప్రశంసాపత్రాల మీద పేర్లు రాసి, వేళ్ళు వాచి, మరుసటి రోజు తరగతిలో సుద్దముక్క పట్టుకోలేకపోయాను. కాదనలేని పనికి కొలత పెట్టడం నేర్చుకున్నది అప్పుడే. ఇప్పుడు ఎవరు అడిగినా ఇలా చెబుతాను: 'సార్, తప్పకుండా రాస్తాను. ఈ వారం నా దగ్గర ఒక పీరియడ్ ఉంది, అందులో 30 అవుతాయి. మిగిలినవి ప్రింట్ తీయిద్దామా, వచ్చే వారం దాకా ఆగుదామా?' రెండు వారాల లెక్క చేతిలో ఉంటే ఈ మాట గొంతులో వణకదు. విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ ప్రకారం ఉపాధ్యాయులకు అప్పగించదగిన విద్యేతర విధులు జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు మాత్రమేనని తెలిసి ఉండడం మంచిది. అయితే బ్యానరు దగ్గర సెక్షన్ నంబరు చెబితే మిగిలేది గొడవే.

రెండు మూడు బడుల మధ్య తిరిగే పార్ట్‌టైం ఇన్‌స్ట్రక్టర్లకు ఇందులో సగం వర్తించదు, వారి పేరుతో గోడ మీద గడే ఉండదు. వారికి బస్సు ప్రయాణమే నెమరు పుస్తకం: దిగే స్టాపు వచ్చేలోపు ఫోనులో ఒక నిమిషం మాట్లాడి దాచుకోవడం, ఒక బడిలో చెప్పిన పాఠాన్ని మరో బడిలో ఒక్క మార్పుతో మళ్ళీ చెప్పడం. ఒకే పాఠాన్ని వారంలో మూడుచోట్ల చెప్పే అవకాశం నిజానికి వారికే ఉంది. పాఠం ఎలా మారుతుందో వారు చూసినంత దగ్గరగా ఒకే బడిలో ఉండేవారు చూడలేరు.

సొంత సాధన గురించి ఒక మాట. సిద్దిపేటలో డ్రాయింగ్ ఉపాధ్యాయుడిగా పనిచేస్తూనే కాపు రాజయ్య తెలంగాణ పల్లె జీవితాన్ని చిత్రించిన పేరొందిన చిత్రకారుడయ్యారు. అందరం అంతటివాళ్ళం కానక్కరలేదు. వారానికి ఒక స్కెచ్, ఒక అరగంట గాత్రం, పది నిమిషాల నాట్యపు అడుగులు చాలు. తాను ఇప్పటికీ తప్పులు గీస్తున్న ఉపాధ్యాయుడికి పిల్లవాడి తప్పు వేరుగా కనబడుతుంది. ఈ అరగంటను ఇంట్లో రాత్రి నిద్రలోంచి కాక, బడి లీజర్‌లోంచే తీయండి. ముఖ్యంగా ఇంటి పని కూడా తమదే అయిన టీచరమ్మలకు ఇంటి దగ్గర మిగిలే సమయమంటూ ఏదీ ఉండదు.

ఎనిమిదో పని: ఏప్రిల్‌లో ఒక సాయంత్రం

బడి మూసే ముందు నెమరు పుస్తకం, బదులు పుస్తకం, రెండు వారాల లెక్క పక్కపక్కన పెట్టుకుని ఒక గంట చదవండి. నలుగురి బృందం ఉంటే పుస్తకాలు మార్చుకుని చదవడం ఇంకా బాగుంటుంది. మన రాతలో మనకు కనబడనిది పక్కవారికి మొదటి పేజీలోనే కనబడుతుంది. వచ్చే ఏడాదికి మూడు మార్పులు ఎంచుకోండి: ఒకటి పాఠంలో, ఒకటి టైంటేబుల్‌లో, ఒకటి ఎవరితో కలిసి పనిచేయాలన్న దాంట్లో. ఆ మూడింటినీ కొత్త పుస్తకం మొదటి పేజీలో రాసి, టైంటేబుల్‌కు సంబంధించినదాన్ని ఒక చీటీ మీద తిరగరాసి సెలవులకు ముందే ఇన్‌ఛార్జి గారి చేతికి ఇవ్వండి. కరక్కాయలు వేసవిలోనే కొని ఎండబెట్టి ఉంచుకోండి. తుప్పు పట్టిన మేకులు బడి స్టోర్ రూమ్‌లోనే దొరుకుతాయి.